గ్రీన్ స్టిక్కర్ కార్యక్రమం తరఫున ఏం మాట్లాడాలి? ఎలా మాట్లాడాలి? (కాలిఫోర్నియా)

కొత్తబండి:

అందరికీ నమస్కారం. మాది ఫ్రీమాంట్. మా వాడికి పదకొండేళ్ళు. పోయిన ఏడాది వాడికో చిన్న డర్ట్ బైక్, నాకో సెకండ్ హ్యాండ్ 250 సీసీ బైక్ కొన్నాను. నెలకి రెండు ఆదివారాలు హాలిస్టర్ హిల్స్ పార్కుకి వెళ్తున్నాం. ఇంట్లో ట్యాబ్ కింద పెట్టని పిల్లాడు అక్కడ చెయిన్‌కి తనే ఆయిల్ వేసుకుంటాడు. నేను చెప్పకముందే హెల్మెట్ పట్టీ రెండుసార్లు లాగి చూసుకుంటాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆగకుండా మాట్లాడతాడు. ఆ రెండు గంటల డ్రైవ్ నాకు ఎంత విలువైనదో మాటల్లో చెప్పలేను.

ఇక విషయానికొస్తాను. గ్రీన్ స్టిక్కర్ కార్యక్రమం అంటే మనలాంటివాళ్ళు మట్టి దారుల్లో బండ్లు తోలుకోవడానికి రాష్ట్రం చోట్లు చూపించి నడిపే కార్యక్రమం. మొన్న ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఈ మాట వచ్చింది. నాతో పనిచేసే ఆయన, మంచి మనిషే, వారం వారం ట్రెక్కింగ్‌కి వెళ్తాడు, సూటిగా అడిగాడు: "ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ డబ్బుతో, కొండల మీద బండ్లు తోలుకోవడానికి ఒక కార్యక్రమమా? అది ఆపేసి అదే భూమిని మామూలు పార్కు చేస్తే అందరికీ పనికొస్తుంది కదా?" నా దగ్గర సమాధానం లేదు. "మా వాడికి చాలా ఇష్టమండీ" అన్నాను. అది సమాధానం కాదని అన్న క్షణమే తెలిసింది.

అదే వారం మా క్లబ్ నుంచి మెయిల్ వచ్చింది. జనవరిలో శాసనసభ మొదలవగానే మన మీద ఆంక్షలు పెట్టే బిల్లులు రావచ్చని, అందరూ ఈ లేఖ మీద సంతకం పెట్టి పంపాలని. లేఖ నిండా "మా హక్కులు హరించకండి" అని పెద్ద అక్షరాలు. సంతకం పెట్టబుద్ధి కాలేదు. అలాగని ఊరుకోబుద్ధీ కావడం లేదు. రేపు ఆ గేటు మూసేస్తే మా వాడికి ఏం చెప్పాలి?

ఇదివరకు ఇలాంటివి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి. నిజంగా పనికొచ్చే వాదన ఏది? ఎవరికి రాయాలి? ఎప్పుడు రాయాలి?

రెండోగేరు:

బ్రదర్, ఆలోచించకుండా సంతకం పెట్టి పంపేయండి. వాళ్ళు ఒకేసారి మూయరు, ముక్క ముక్కగా కోస్తారు. కార్నెగీ సంగతి తెలుసా? లివర్‌మోర్‌కి తూర్పున ఉన్న మన పార్కు. దాని పక్కనే టెస్లా అనే చోట (కార్ల కంపెనీ కాదు) దాదాపు 3,100 ఎకరాలు 1990లలో తోలేవాళ్ళు కట్టిన డబ్బు చేరే మన ట్రస్ట్ ఫండ్ డబ్బుతోనే కొన్నారు. విస్తరణ కోసమే కొన్నారు. ఇరవై ఏళ్ళు పైగా ప్లాన్లు, నివేదికలు, కోర్టులు. చివరికి 2021లో శాసనసభ ఒక చట్టంతో అక్కడ బండ్లు తిరగకూడదని తేల్చేసింది. ఒక్క రోజు కూడా మనం అక్కడ తోలలేదు. ఇంకా మర్యాదగా ఏం మాట్లాడతాం?

ఎర్రదుమ్ము:

కొత్తబండి తమ్ముడూ, నీ ప్రశ్న బాగుంది. తీరిగ్గా జవాబు రాస్తాను. నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ రాష్ట్రంలో తోలుతున్నాను. 2017లో ఈ కార్యక్రమం మొత్తం ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో వెళ్ళి మైకు ముందు నిలబడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ముందు నీ ఆఫీసు మిత్రుడి మాట చూద్దాం. అందులో "ప్రభుత్వ డబ్బుతో" అన్న ముక్క దగ్గరే మొదలుపెట్టాలి. ఇది 1971లో పుట్టింది. చాపీ, జెడ్‌బర్గ్ అని ఇద్దరు అసెంబ్లీ సభ్యుల పేర్లతో వచ్చిన చట్టం. ఒకరు రిపబ్లికన్, బండ్ల వైపు మనిషి. ఇంకొకరు డెమొక్రాట్, పర్యావరణం వైపు మనిషి. అప్పటికే జనం దొరికిన కొండనల్లా ఎక్కేస్తున్నారు, రైతుల కంచెలు తెగుతున్నాయి. ఆపలేం, వదిలేయలేం, కాబట్టి ఒక చోటు చూపించి, ఆ చోటుకి నియమాలు పెట్టి, అయ్యే ఖర్చు తోలేవాళ్ళ దగ్గరే వసూలు చేద్దాం అన్నది ఆ ఇద్దరి ఒప్పందం. నేను కాపాడాలనుకునేది ఆ ఒప్పందాన్నే. బండి తోలే హక్కు అని ఎవరికైనా రాస్తే వాళ్ళు చదివి పక్కన పెడతారు. ఒప్పందం అని రాస్తే ఆగి ఆలోచిస్తారు.

డబ్బు ఎక్కడిదంటే, నీ బండి మీద ఉన్న గ్రీన్ స్టిక్కర్‌కి రిజిస్ట్రేషన్ రుసుమని రెండేళ్ళకోసారి కడతావు చూడు, అది ఒకటి. గేటు దగ్గర కట్టే రుసుము ఇంకొకటి. అన్నిటికన్నా పెద్దది పెట్రోలు పన్ను. మనం బంకులో గాలన్‌కి ఇంత అని పన్ను కడతాం. అది హైవేల కోసం కట్టే పన్ను. కానీ మట్టి దారుల్లో కాల్చిన పెట్రోలు హైవే ఎక్కలేదు కదా. ఆ మేరకు లెక్కగట్టి ఒక వాటాని ఆఫ్-హైవే వెహికల్, అంటే ఓహెచ్‌వీ ట్రస్ట్ ఫండ్‌కి మళ్ళిస్తారు. నీ మిత్రుడికి ఇంత చెప్పు చాలు, సగం చర్చ అక్కడే తేలిపోతుంది.

రెండో సగం కష్టమైనది, దాని దగ్గరే మనవాళ్ళు తడబడతారు. "మా బండ్లతో నేలకి ఏమీ కాదు" అంటారు. అవుతుంది. నేను కళ్ళారా చూశాను. అలా కాదని అన్నవాడి మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

ఒక సంగతి చెప్తాను. కొన్నేళ్ళ కిందట కెర్న్ కౌంటీలో జాబోన్ కాన్యన్ దగ్గర ఒక శనివారం వాలంటీర్ పనికి వెళ్ళాను. అక్కడ తోలడానికి అనుమతి ఉన్న దారి ఒకటి ఉంటే, దాని పక్కనుంచి ఎవరో కొత్త దారి చీల్చారు. ఒకడు వెళ్ళాడు, ఆ చక్రాల గుర్తు చూసి ఇంకొకడు వెళ్ళాడు, ఏడాది తిరిగేసరికి అది రోడ్డులా తయారైంది. ఎడారి తాబేళ్ళు బతికే నేల అది. మా పని ఏమిటంటే, క్రియోసోట్ అనే ఎడారి పొద ఎండిన కొమ్మలు ఏరుకొచ్చి ఆ గుర్తుల్లో గుంతలు తీసి నిలువుగా పాతడం. దూరం నుంచి చూస్తే అవి మామూలు పొదల్లా కనిపించాలి. దారి కనిపించకపోతే ఎవడూ అటు తిప్పడు. గాలికి కొట్టుకొచ్చే విత్తనాలు ఆ కొమ్మల మొదళ్ళలో చిక్కుకుంటాయి, కాస్త నీడ దొరుకుతుంది, నెమ్మదిగా మొలక వస్తుంది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా పదిహేను మందిమి మహా అయితే ఒక ఫర్లాంగు పూర్తి చేశాం. ఆ గునపాలు, ఆ నీళ్ళ ట్యాంకు, మాకు పని చూపించిన మనిషి జీతం అన్నీ గ్రాంటు డబ్బే. అంటే మన స్టిక్కర్ల డబ్బే.

ఆ గ్రాంట్లు ఎలా పంచాలో చట్టంలోనే రాసి ఉంది. ప్రతి 100 డాలర్లలో 50 దారుల నిర్వహణకి, 25 దెబ్బతిన్న నేలని బాగుచేయడానికి, 20 నిఘాకి, అంటే షెరిఫ్‌లు, రేంజర్లకి, 5 భద్రతా శిక్షణకి. అటవీ శాఖ, కేంద్ర ప్రభుత్వ భూములు చూసే బీఎల్ఎం, కౌంటీలు, స్వచ్ఛంద సంస్థలు దరఖాస్తు చేసుకుంటాయి. పోటీ పడి తెచ్చుకుంటాయి. ఈ కార్యక్రమం తీసేస్తే ఆ 25, ఆ 20 కూడా పోతాయి. కానీ బండ్లు పోవు. ఈ రాష్ట్రంలో గరాజుల్లో ఉన్న బండ్లు ఆవిరైపోవు. గేటు మూసిన మరుసటి ఆదివారం అవి ఎక్కడికో ఒకచోటికి వెళ్తాయి. అక్కడ కంచె ఉండదు, రేంజర్ ఉండడు, కొమ్మలు పాతేవాళ్ళు ఉండరు.

2017లో నేను చెప్పదలుచుకున్నది ఇదే. అప్పటి పరిస్థితి ఏమిటంటే, ఈ కార్యక్రమానికి చట్టంలో గడువు ఉండేది. 2007లో పదేళ్ళు పొడిగించారు, 2018 జనవరి 1తో అయిపోతుంది. ఆ ఏడాది సెనేట్‌లో 249వ నంబరు బిల్లు వచ్చింది. మొదట వచ్చిన రూపంలో అది మనలో చాలామందికి మింగుడుపడలేదు. పార్కుల చేతులు కట్టేస్తుందని భయం. నేను సెలవు పెట్టి తెల్లవారుజామున బయల్దేరి హియరింగ్‌కి వెళ్ళాను.

కమిటీలో ఎలా ఉంటుందో చెప్తాను, నీకు పనికొస్తుంది. ఒక్కో వైపు నుంచి ముఖ్యంగా మాట్లాడేది ఇద్దరే, వాళ్ళకి రెండేసి నిమిషాలు. మిగతావాళ్ళంతా వరసలో నిలబడి పేరు, ఊరు, అనుకూలమో వ్యతిరేకమో చెప్పి తప్పుకోవాలి. నాకు అయిదు సెకన్లు పట్టింది. నా ముందున్న పెద్దాయన స్వేచ్ఛ గురించి ఉపన్యాసం అందుకున్నాడు, ఛైర్ ఆపమన్నా ఆపలేదు, మైకు కట్ చేశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ గదిలో ఆయన వెనక ఉన్న అందరి మాటా అక్కడే పలచబడిపోయింది.

బయట వరండాలో ఒక సభ్యుడి ఆఫీసులో పనిచేసే కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, చేతిలో నోట్‌ప్యాడ్‌తో నన్ను ఆపాడు. "మీరంతా ఎందుకింత భయపడుతున్నారు?" అని నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను హక్కుల గురించి ఎత్తలేదు. జాబోన్‌లో పాతిన కొమ్మల గురించి చెప్పాను. ఫోన్‌లో ఫోటో చూపించాను. "అయితే దీనికి డబ్బులు ఇచ్చేది కూడా ఈ ఫండేనా?" అని రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. ఆ ఒక్క మాటతో బిల్లు మారిందని నేను అనను. కానీ ఆ రోజు ఎవరైనా నన్ను ఎదురు ప్రశ్న అడిగారంటే అది అతనే.

చివరికి ఏమైందంటే, సవరణల మీద సవరణలు జరిగి, గడువు పూర్తిగా ఎత్తేశారు. కార్యక్రమం శాశ్వతమైంది. దానికి బదులుగా నేల సంరక్షణ ప్రమాణాలు 2020 చివరికల్లా కొత్తగా రాయాలి, వన్యప్రాణుల ప్రణాళికలు గట్టిగా ఉండాలి, పర్యవేక్షణ పెంచాలి అని పెట్టారు. అక్టోబరులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేశారు. అప్పట్లో కొందరు మనవాళ్ళు ఓడిపోయాం అన్నారు. నేను అలా అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. 1971 ఒప్పందాన్నే మళ్ళీ ఒకసారి గట్టిగా రాసుకున్నాం అనుకున్నాను.

రెండోగేరు గారూ, టెస్లా విషయంలో మీ బాధ న్యాయమైనదే. మన డబ్బుతో కొన్న భూమి పోయింది. కానీ ఆ చట్టంతో పాటే ట్రస్ట్ ఫండ్‌కి దాదాపు 3 కోట్ల డాలర్లు వెనక్కి ఇవ్వాలని నిర్ణయించారు. ఆ డబ్బు ఊరికే రాలేదు. "ఇది మేం కట్టిన డబ్బు, లెక్క చూడండి" అని ఏళ్ళ తరబడి కాగితాలు పట్టుకు తిరిగినవాళ్ళు ఉన్నారు.

తమ్ముడూ, ఇక ఎప్పుడు, ఎవరికి అన్నావు. బిల్లు వచ్చాక రాస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నీ జిల్లా అసెంబ్లీ సభ్యుడి లోకల్ ఆఫీసుకి ఇప్పుడే, ఏ బిల్లూ లేనప్పుడు, వెళ్ళు. అక్కడి సిబ్బందితో పదిహేను నిమిషాలు మాట్లాడు. జనవరి, ఫిబ్రవరుల్లో బిల్లులు పెడతారు. పెట్టాక 30 రోజులు గడిస్తే గానీ సాధారణంగా కమిటీ దాన్ని విచారించదు, అది నీకున్న టైము. శాసనసభ వెబ్‌సైట్‌లోనే లేఖ పంపే పోర్టల్ ఉంది, సాధారణంగా హియరింగ్‌కి వారం ముందే చేరాలి. చివరి ఓటుకి 72 గంటల ముందు బిల్లు తుది పాఠం అందరికీ కనిపించాలని 2016లో ఓటర్లే నియమం పెట్టారు, ఆ మూడు రోజులు కళ్ళు తెరుచుకుని ఉండు. ఇంకో మాట. లేఖలో ఉత్త "వ్యతిరేకం" అని రాయకు. "ఫలానా సవరణ చేస్తే తప్ప వ్యతిరేకం" అని రాయొచ్చు. సెక్షన్ నంబరు వేసి, మార్చాల్సిన వాక్యం రాసి పంపు. సిబ్బంది చదివేది అలాంటి లేఖలే.

అలాగే తొమ్మిది మంది సభ్యుల కమిషన్ ఒకటి ఉంది, మన కార్యక్రమానికే. అయిదుగురిని గవర్నర్, ఇద్దరిని సెనేట్, ఇద్దరిని స్పీకర్ నియమిస్తారు. మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి. నేను వెళ్ళినప్పుడల్లా కుర్చీలు ఖాళీయే.

గాలివాలు:

నేను తోలను. మీ చర్చ నా స్నేహితురాలు పంపింది. మేం నిపోమోలో ఉంటాం, బండ్లు తిరిగే ఇసుక దిబ్బల పార్కు ఓషనో డ్యూన్స్‌కి గాలివాలున. ఏప్రిల్, మే వచ్చిందంటే మధ్యాహ్నం గాలి లేస్తుంది. కిటికీ గట్టు మీద సన్నటి దుమ్ము, పిండి జల్లినట్టు. తుడిచిన గంటకి మళ్ళీ. మా పాపకి ఆస్తమా. స్కూల్లో ఆ రోజుల్లో ఇంటర్వెల్ లోపలే. పాప బ్యాగులో ఇన్‌హేలర్ ఉందో లేదో చూడకుండా నేను గడప దాటను.

తీరం అన్నాక ఇసుక ఎగరదా అని మీవాళ్ళు అంటారు. ఎగురుతుంది, నిజమే. కానీ బండ్లు తిరిగే చోట మొక్క నిలవదు, ఇసుక పైపొర గట్టిపడదు. అందుకే అక్కడి నుంచి ఎక్కువ లేస్తుంది. కౌంటీ వాయు నాణ్యత జిల్లా 2011లోనే దీని మీద నియమం తెచ్చింది. 2018లో ఆదేశాల దాకా వెళ్ళింది. ఇదంతా ఏళ్ళ తరబడి కొలిచి చెప్పిన విషయం.

ఎర్రదుమ్ము గారూ, మీరు నేల గురించి, తాబేళ్ళ గురించి రాశారు. బాగుంది. మీరు రాయమంటున్న లేఖలో మా పాప ఎక్కడుంది? ఆంక్షలు పెట్టే చట్టం అంటే మీకు పోరాటం. మాకు అది ఊపిరి.

ఎర్రదుమ్ము:

అమ్మా, మీరు రాసినందుకు నిజంగా కృతజ్ఞతలు. నేను రాయమన్న లేఖలో మీ పాప లేదు. ఉండాల్సింది.

మీరు చెప్పిన కారణం సరైనదే, దాన్ని నేను కాదనను. డ్యూన్స్‌లో 2018 ఆదేశం తర్వాత స్టేట్ పార్క్స్ వాళ్ళు కంచెలు వేసి, గడ్డి కట్టలు పరిచి, అక్కడి స్థానిక మొక్కలే నాటి, కొన్ని వందల ఎకరాలు బండ్లకి మూసేశారు. నేను తోలిన చోట్లు అందులో ఉన్నాయి. మొదటిసారి ఆ కంచె చూసినప్పుడు మనసు చివుక్కుమంది. రెండేళ్ళ తర్వాత అదే కంచె వెనక ఇసుక మీద ఆకుపచ్చ దుబ్బులు కనిపించాయి. అక్కడ ఇసుక కదలడం లేదు. ఏ ఎకరాల నుంచి మీ ఇంటికి దుమ్ము వస్తోందో కొలిచి చెప్పి, ఆ ఎకరాలు మూయమంటే నేను ఒప్పుకుంటాను. లేఖలో కూడా అలాగే రాస్తాను.

నాకు భయం ఎక్కడంటే, మొత్తం మూసేయడం దగ్గర. 2021 మార్చిలో తీరప్రాంతాన్ని చూసుకునే రాష్ట్ర సంస్థ కోస్టల్ కమిషన్ మూడేళ్ళలో అక్కడ ఆఫ్-రోడ్ బండ్లు పూర్తిగా ఆపాలని ఓటేసింది. 2023లో శాన్ లూయిస్ ఒబిస్పో కోర్టు, 1982 నాటి పర్మిట్‌ని కమిషన్ తనంతట తాను అలా మార్చలేదని తీర్పు ఇచ్చింది. మీకు ఆ తీర్పు బాధ కలిగించి ఉంటుంది. కానీ ఆ మొక్కలు నాటేవాళ్ళు, గాలి కొలిచే యంత్రాలు, రిపోర్టులు రాసే శాస్త్రవేత్తలు, వీటన్నిటి ఖర్చూ వచ్చేది ఈ కార్యక్రమం నుంచే. ఆ పని మధ్యలో ఆగకూడదని నేను కోరుకుంటున్నాను, మీరూ కోరుకుంటారనుకుంటాను.

గాలివాలు:

మీతో అన్నిట్లో ఒప్పుకోలేను. అక్కడ బండ్లు అసలు ఉండకూడదన్నదే నా కోరిక. కానీ కొలిచి మూయడం అన్న మాట లేఖలో రాస్తానన్నారు చూడండి, అది రాయండి. మీవైపు నుంచి ఆ మాట వినడం నాకు ఇదే మొదటిసారి.

కొత్తబండి:

రెండు రోజులు ఇదంతా మళ్ళీ మళ్ళీ చదివాను. క్లబ్ లేఖ మీద సంతకం పెట్టలేదు. నాదే ఒకటి రాశాను, ఇంగ్లీషులోకి మార్చుకోవాలి. ముందు ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"గౌరవనీయులైన అసెంబ్లీ సభ్యులకి, నేను మీ జిల్లా నివాసిని. మా అబ్బాయితో కలిసి హాలిస్టర్ హిల్స్‌లో బైక్ తోలుతాను. ఇప్పుడు ఏ బిల్లు గురించీ రాయడం లేదు, మీకు పరిచయం చేసుకోవడానికి రాస్తున్నాను. పోయిన నెల గేటు దగ్గర రేంజర్ నా బండి శబ్దం కొలిచారు. సైలెన్సర్ మూతికి 20 అంగుళాల దూరంలో, 45 డిగ్రీల కోణంలో మీటరు పట్టుకున్నారు. పరిమితి 96 డెసిబెల్స్. నాది 98 వచ్చింది. ఆ రోజు నన్ను తోలనివ్వలేదు. మా అబ్బాయి తోలుతుంటే నేను పక్కన నిలబడి చూశాను. ఇంటికి వచ్చి సైలెన్సర్ విప్పి, లోపల శబ్దాన్ని పీల్చే దూదిలాంటి ప్యాకింగ్ మాడిపోతే అది తీసి కొత్తది చుట్టాం, ఇద్దరం కలిసి. మళ్ళీ వెళ్తే 94. ఆ నియమం ఉండడం మాకు సంతోషం. అది ఉంది కాబట్టే పక్క పొలాల వాళ్ళు మమ్మల్ని సహిస్తున్నారు. ఇలాంటి నియమాలున్న చోట్లు మూతపడితే నియమాల్లేని చోట్లే మిగులుతాయి. ఇది మా హక్కు. మేం పన్ను కట్టేవాళ్ళం. దెబ్బతిన్న చోట కొలిచి మూయండి, కోలుకున్నాక తెరవండి. మేం కట్టే డబ్బు ఆ పనికి వాడండి. మా అబ్బాయిని తీసుకుని మీ ఆఫీసుకి వచ్చి పదిహేను నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా?"

రెండోగేరు:

98 వచ్చి వెనక్కి పంపారని రాయడం అవసరమా? మన తప్పు మనమే చెప్పుకున్నట్టు ఉంటుంది. మిగతాది బాగుంది బ్రదర్. నాకు అంత ఓపిక రాలేదు గానీ, మీ లేఖ చూశాక నేనూ సొంతంగా ఒకటి రాస్తాను. టెస్లా డబ్బు లెక్కలు నా దగ్గర ఫైలు ఉంది, కావాలంటే పంపుతాను.

ఎర్రదుమ్ము:

98 ఉండనివ్వు. ఆ లేఖలో ప్రాణం అక్కడే ఉంది. చదివినవాడికి గేటు, మీటరు, పక్కన నిలబడ్డ తండ్రి కనిపిస్తారు. ఆ నియమం నిజంగా పనిచేస్తుందని దానికన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

"ఇది మా హక్కు. మేం పన్ను కట్టేవాళ్ళం" అన్న రెండు వాక్యాలు తీసెయ్. ట్రెక్కింగ్ చేసే నీ ఆఫీసు మిత్రుడూ పన్ను కడతాడు. వాటి బదులు గ్రీన్ స్టిక్కర్, గేటు రుసుము, పెట్రోలు పన్ను వాటా అని ఆ మూడూ పేర్లు పెట్టి రాయి. "కొలిచి మూయండి" అన్నచోట ఉత్త "దెబ్బతిన్న చోట" అని కాకుండా నేల, గాలి అని రాయి. గాలివాలు గారికి మాట ఇచ్చాం.

రెండోగేరు గారూ, ఆ ఫైలు నాకూ పంపండి. వసంతంలో గ్రాంట్ దరఖాస్తులు ప్రజల అభిప్రాయం కోసం వెబ్‌సైట్‌లో పెడతారు. పోయినసారి నేను ఒక్కణ్ణే కూర్చుని మూడు దరఖాస్తులు చదివి అభిప్రాయాలు రాశాను. ఈసారి పంచుకుందాం, తలా రెండు చదివితే నిఘాకి ఎక్కడ డబ్బు చాలడం లేదో, ఏ కౌంటీ బాగుచేసే పని మొదలుపెట్టలేదో తెలుస్తుంది.

కొత్తబండి, మీ సభ్యుడి ఆఫీసుకి మీ వాణ్ణి తప్పకుండా తీసుకెళ్ళు. మాట్లాడమని ఒత్తిడి చేయకు, టెన్షన్ పడతాడు. సైలెన్సర్‌లోంచి తీసిన ఆ పాత దూది ఇంకా పారేయకపోతే ఒక కవర్లో వేసి వాడి చేతికివ్వు. అడిగితే వాడే చెప్తాడు.

కొత్తబండి:

పారేయలేదు. గరాజులో డబ్బాలో ఉంది, వాడే దాచాడు. ఆ రెండు వాక్యాలు తీసేశాను, గాలి చేర్చాను. పై మంగళవారం సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు. ఈ ఆదివారం హాలిస్టర్ వెళ్దామనుకుంటున్నాం, ఎవరైనా వస్తారా?

ఎర్రదుమ్ము:

నేను వస్తాను. కానీ శుక్రవారం వాన అంటున్నారు. తడి ఉంటే దారులు మూసేస్తారు, చక్రాలు దిగబడి కాలువలు పడతాయని. బయల్దేరే ముందు పార్కుకి ఫోన్ చేసి కనుక్కో. మూసి ఉంటే పార, బూట్లు తీసుకుని రండి, నీళ్ళు ఎటు పారుతున్నాయో మీ వాడికి గేటు బయటి నుంచే చూపిస్తాను.